150 రూపాయల వెదురు స్టారు, దాంతోపాటు ఒక గులాబీ అచ్చు

పోయిన డిసెంబరులో క్రిస్మస్‌కని 450 రూపాయలు పోసి రెడీమేడ్ స్టారు కొన్నాను. నాలుగో రోజుకే మంచుకు తడిసి అతుకులు ఊడిపోయాయి. ఒక కొమ్ము వేలాడిపోయింది. పండక్కి ఇంకా పదకొండు రోజులుంది. పట్టుకెళ్తే కాగితం వస్తువు వాపసు తీసుకోనన్నాడు కొట్టతను. మా చిన్నది వారం రోజులు గుమ్మం వైపు చూడలేదు. అందుకే ఈసారి శ్రీకాకుళంలోనే, రోడ్డు వార బుట్టలు, చేటలు అల్లి అమ్మే తాత దగ్గరికి వెళ్లాను.

రెండున్నర అడుగుల స్టారు చట్రం, 150 రూపాయలు. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు కలిపేశాడు. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల జానెడు కంటే చిన్న పుల్లలు నిలబెట్టాడు. అంతే, స్టారు కడుపు ఉబ్బి బల్బుకు చోటొచ్చింది. "రేపటికి ఇచ్చేయవా తాతా" అనడిగితే తలెత్తకుండానే, "పచ్చెదురుతో కట్టీస్తే ఎండినాక వదులైపోద్ది తల్లీ, నాలుగు రోజులాగు" అన్నాడు. ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది.

నాకు బాగా నచ్చింది బద్దల నునుపు. ప్రతి బద్దనీ కత్తితో గీకి ఎక్కడా పేడు లేకుండా చేశాడు. పేడుంటే కాగితం అక్కడే చిరుగుతుంది. లోపం ఒక్కటే, రెండు కొసల దగ్గర దారం సన్నగా ఉండి జారింది. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను కాబట్టి నైలాన్ దారంతో మళ్లీ బిగించుకున్నాను.

కాగితం, జిగురు కలిపి 60 రూపాయలు దాటలేదు. తెల్ల కాగితం అంటించి, మంచు పడకుండా పైన ఎర్ర జిలటిన్ కాగితం వేశాను. జిగురంటే మైదా ఉడికించిందే. మా నాన్న రోజుల్లో 40 వాట్ల బల్బు పెడితే రెండు రాత్రుల్లో కాగితం మీద గోధుమరంగు మచ్చ పడేది, మా అమ్మ కంగారుగా లేచి ఆర్పేసేది. ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ బల్బుతో ఆ టెన్షన్ లేదు. పండగయ్యాక కాగితం చింపేసి చట్రాన్ని అటక మీద పెడితే వచ్చే ఏడు మళ్లీ కాగితం ఖర్చే.

ఇక పండక్కి నూనెలో వేయించే పిండివంట, గులాబీ పువ్వుల అచ్చు. జీటీ రోడ్డులో పాత్రల కొట్లో 220 రూపాయలకు కొన్నాను. ఇనుముది, చేతికి బరువుగా ఉంటుంది. ఆ బరువే కావాలి, వేడి నిలబడేది దానివల్లే. కొన్న రోజే వాడకండి. నేను రాత్రంతా నూనెలో నానబెట్టాను, అయినా మొదటి మూడు పువ్వులు అచ్చును వదల్లేదు, పుల్లతో గీకి తీశాను. నాలుగోది చిన్నగా కదిపేసరికి దానంతటదే జారి నూనెలో తేలింది. పక్కన నిలబడి చూస్తున్న అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

ఒక కప్పు మైదా, పావు కప్పు బియ్యప్పిండి, అర కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, కప్పు కొబ్బరిపాలు, కాసిని నువ్వులు. పిండి దోసెల పిండి కంటే కొంచెం పల్చగా ఉండాలి. ప్రతిసారీ అచ్చును ముందు కాగే నూనెలో ఉంచి, తర్వాతే పిండిలో ముంచాలి. ముప్పావు వంతే మునగాలి. పిండి అచ్చు పైఅంచు దాటిందా, పువ్వు ఇక ఊడదు. ఈ అచ్చుకు కాడ మొత్తం ఇనుమే, చెక్క పిడి లేదు. పదో పువ్వుకల్లా చెయ్యి కాలుతుంది. బ్లౌజు కటింగు ముక్కలు నాలుగు చుట్టి కుట్టేశాక ఇబ్బంది లేదు. కొనేటప్పుడు కాడ దగ్గర మర గట్టిగా ఉందో లేదో తిప్పి చూసుకోండి, నాది రెండుసార్లు వదులైంది.

మిగతాదానికి పెద్ద ఖర్చు లేదు. ఎర్రవి, ఆకుపచ్చవి కటింగు ముక్కలతో తోరణం కుట్టాను. బాలయేసు బొమ్మ పెట్టే పశువుల పాకకు మా తమ్ముడు ఆమదాలవలస నుంచి వరిగడ్డి తెచ్చాడు. పాక ముందు పచ్చగడ్డి కోసం మూకుడులో మట్టి పోసి చోళ్లు (రాగులు) చల్లాను, వారానికి సన్నగా మొలిచాయి. కేకు కుక్కర్లోనే చేశాను. గుండు జీడిపప్పు బదులు పలాస జీడిపప్పు ముక్కలు వేశాను, ధర తక్కువ, రుచి అదే.

క్యారల్స్ వాళ్లు వచ్చిన రాత్రి స్టారు కింద నిలబడి పాడారు. పిల్లలు తలా రెండు పువ్వులు తిని, మూడోది జేబులో వేసుకున్నారు. మంచు ఆ రాత్రి కూడా బాగా కురిసింది. పొద్దున లేచి చూస్తే ఒక్క అతుకూ ఊడలేదు.

తాతకు చెప్పుకోవాలంటే డిసెంబరు మొదటి వారంలోనే వెళ్లండి. తర్వాత నూర్పుల పనికి చేటలు, బుట్టలు కావాలని ఊళ్ల నుంచి వచ్చేస్తారు. అప్పుడు స్టారు కట్టడానికి ఆయనకు తీరిక దొరకదు.