‘గ్లాస్’ (1958): 11 నిమిషాల గాజు పని, వెనక ఉన్న కంపెనీ కథ

డచ్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా నెదర్లాండ్స్‌లోని లీర్‌డామ్ గాజు ఫ్యాక్టరీలో తీసిన లఘుచిత్రం ఇది. 1960లో లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ గెలిచింది. వ్యాఖ్యానం లేదు కాబట్టి భాష అడ్డం రాదు. పిమ్ జేకబ్స్ బృందం వాయించిన జాజ్ సంగీతానికి తగ్గట్టే ఎడిటింగ్ కోతలు పడ్డాయి, అందుకే ఫోన్ స్పీకర్లో కాకుండా హెడ్‌ఫోన్స్‌తో చూడండి.

మొదటి సగం చేతిపని. మొదటిసారి చూసేవాళ్ల కళ్లు గాజు ఊదేవాళ్ల బుగ్గల మీదే ఉంటాయి, దర్శకుడికి కావలసిందీ అదే. రెండోసారి చేతుల్ని చూడండి. కొసన గాజు ముద్ద ఉన్న ఊదుడు గొట్టం తిరగడం ఆగదు. సుమారు 1100 డిగ్రీల దగ్గర గాజు పాకంలా ఉంటుంది, తిప్పడం ఆపితే ఒక పక్కకి జారి వస్తువు గోడ మందంలో తేడా వస్తుంది. ముద్దని గుండ్రంగా చేసే చెక్క దొప్పని నీళ్లలో నానబెట్టి వాడతారు. వేడికి లేచే ఆవిరి పొర గాజుని చెక్కకి అంటుకోనివ్వదు. దొప్ప ఆరిపోతే చెక్క మాడుతుంది, గాజు మీద గీతలు పడతాయి. ఆ తర్వాత దశ కూడా తెలుసుకుని చూస్తే మంచిది: తయారైన వస్తువుని 500 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు ఉంచి నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడితే పైపొర ముందే బిగుసుకుని, లోపల ఒత్తిడి మిగిలి, గంటల తర్వాతైనా దానంతటదే పగులుతుంది.

తర్వాత సీసాల యంత్రం. మెడ విరిగిన సీసా ఒకటి వస్తుంది. మెడ పట్టుకుని ఎత్తే కొక్కేనికి అది దొరకదు, అక్కడే ఉండిపోతుంది. వెనకవి వచ్చి దానికి కొట్టుకుని పగులుతూనే ఉంటాయి, మనిషి చెయ్యి వచ్చి తీసేదాకా. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క ఘట్టాన్ని షాట్ షాట్‌కీ ఆపి చూడాలి.

నవ్వు బాగానే వస్తుంది కానీ, చేతికీ యంత్రానికీ పెట్టిన ఈ పోటీ లీర్‌డామ్ చరిత్రకి పూర్తిగా అతకదు. 1878లో మొదలైన ఈ కంపెనీకి పేరొచ్చిందే కళాకారుల్ని ఫ్యాక్టరీ ఉత్పత్తిలోకి తేవడం వల్ల. కంపెనీ డైరెక్టర్ కోకియస్ 1915 నుంచి డి బాజెల్, బెర్లాగే లాంటి వాస్తుశిల్పుల చేత గ్లాసులు డిజైన్ చేయించాడు. అక్కడే చిన్న వయసులో పనిలో చేరిన ఆండ్రీస్ కోపియర్ ఒక పక్క ‘యూనికా’ పేరుతో ఒక్కొక్కటే చేసే కళాఖండాలు, ఇంకో పక్క 1930లో వచ్చిన ‘గిల్డే’ వైన్ గ్లాసులు రూపొందించాడు. గిల్డే ఇంటింటా వాడుకోవడానికి చేసిన వరుస. 1938లో కంపెనీ సీసాలు చేసే ఇతర గాజు ఫ్యాక్టరీలతో విలీనమైంది. అంటే కళాఖండాలూ సీసాలూ ఒకే సంస్థ లెక్కల్లో పక్కపక్కనే ఉండేవి. తర్వాత ‘రాయల్ లీర్‌డామ్’ అని పిలిచిన ఈ కంపెనీని 2002లో అమెరికా కంపెనీ లిబ్బీ కొనుక్కుంది. వీటిలో ఒక్క ముక్కా చిత్రంలో దొరకదు. పరిశ్రమ చరిత్ర కావాలంటే ఇది చాలదు, గాజు కదలిక చూడాలంటే మాత్రం దీన్ని మించింది తక్కువ.

హాన్‌స్ట్రా ఇదే ఫ్యాక్టరీ కోసం ఒక ప్రచార చిత్రం కూడా తీశాడు, వెతికేటప్పుడు రెండూ కలిసిపోకుండా చూసుకోండి. కాపీ ఎంచుకునేటప్పుడు రంగు వెలవనిది చూడండి. ముద్ద పసుపు నుంచి నారింజకి, ఎరుపుకి దిగడం బట్టే అది ఎంత చల్లారిందో తెలిసేది. రంగు పోతే ఊదేవాడు ఎప్పుడు, ఎందుకు మళ్లీ కొలిమి వైపు తిరుగుతున్నాడో అర్థం కాదు.