స్టాక్ ఓవర్‌ఫ్లో: "రావట్లేదు" అంటే సరిపోదు

చిన్న పత్రికలకూ ప్రెస్సులకూ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. అందుకని ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోతో నా సావాసమంతా చాలావరకు తెలుగు అక్షరాల గొడవల మీదే. 2008లో మొదలైన ఈ సైట్ మీద కొత్తవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు: ప్రశ్న పెట్టీ పెట్టగానే మూసేస్తారని, అంటే ఎవరూ జవాబు రాయకుండా ఆపేస్తారని. నిజమే, మూసేస్తారు. ఇన్నేళ్ళు వాడాక ఆ పట్టింపే దాని బలమని నాకనిపిస్తోంది.

"డేటాబేస్ నుంచి తెలుగు సరిగ్గా రావట్లేదు, అర్జెంట్" అని ఎవరైనా అడిగారనుకోండి. దీనికి బ్రహ్మదేవుడు కూడా జవాబు చెప్పలేడు. తెలుగు రాకపోవడంలో చాలా రకాలున్నాయి మరి. ఖాళీ డబ్బాలు కనబడితే ఆ మెషిన్‌లో తెలుగు ఫాంట్ లేనట్టే. వరసగా ప్రశ్నార్థకాలు వస్తే, చాలాసార్లు అక్షరాలు డేటాబేస్‌లోకి వెళ్ళేటప్పుడే పోయి ఉంటాయి. డేటాబేస్ కనెక్షనో, అందులోని పట్టిక కాలమ్ (నిలువు వరస) సెట్టింగో తెలుగుకు చోటులేని లాటిన్-1 అనే పాత పద్ధతిలో ఉండి ఉంటుంది, సెట్టింగ్ మార్చినా పోయినవి తిరిగి రావు. అలా కాక, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పేజీ నిండా కనబడితే ఊపిరి పీల్చుకోవచ్చు. అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతానికీ తలా మూడు బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే. దాన్ని లాటిన్-1 అనుకుని చదివితే ఆ గీత ఎ వస్తుంది. అంటే సరుకు చాలావరకు భద్రంగానే ఉంది, చదవడంలోనే తేడా. ఇక పీడీఎఫ్‌లో "క్ష" కాస్తా క, పొల్లు, ష అని విడివిడిగా పడితే డేటాబేస్‌ని తిట్టి లాభం లేదు. ఆ పీడీఎఫ్‌ని తయారుచేసిన లైబ్రరీకి, అంటే మనం తెచ్చి వాడుకున్న రెడీమేడ్ కోడ్‌కి, ఒత్తులు కూర్చడం చేతకాదు. బ్రౌజర్‌తో పీడీఎఫ్ చేయిస్తే సరిగ్గా వస్తుంది, క్రోమ్‌లో ఆ ఒత్తులు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

అందుకే అక్కడివాళ్ళు తెరమీద కనబడినదాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టమంటారు. ఫొటో వద్దంటారు, ఫొటోలోని కోడ్‌ని ఎవరూ నడిపి చూడలేరు. వెర్షన్ నంబర్లు కావాలి, తప్పు మళ్ళీ కనబడేంత చిన్న కోడ్ ముక్క కావాలి. వెయ్యి లైన్ల ఫైలును పది లైన్లకు కోస్తూ పోతే చాలాసార్లు తప్పు మధ్యలోనే దొరికిపోతుంది, ఇక అడగక్కర్లేదు. అన్నట్టు, కనెక్షన్ కోడ్ అతికించేటప్పుడు డేటాబేస్ పాస్‌వర్డ్ తీసెయ్యండి. తర్వాత ఎడిట్ చేసినా పాత రూపం చరిత్రలో అందరికీ కనబడుతూనే ఉంటుంది. పొరపాటున పెట్టేస్తే ముందు పాస్‌వర్డ్ మార్చుకోండి.

జవాబుల్లో నేను వెతికేది "ఎందుకు". "ఇది వాడి చూడండి" అని ఒక లైను పడేసేవాళ్ళకి చదివినవాళ్ళ ఓట్లతో పాయింట్లు రావచ్చుగానీ మూడేళ్ళ తర్వాత చదివేవాడికి అది అక్కరకు రాదు. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లతో రాసిన జవాబులు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. పీహెచ్‌పీ 7లో, అంటే 2015లోనే, ఆ ఫంక్షన్లను తీసేశారు. తేదీ చూడకుండా కాపీ కొట్టకండి. ఇదే ప్రశ్న ముందే ఉంది, డూప్లికేట్ అని దాని లింకిచ్చి మూసేస్తే చిన్నబుచ్చుకోకుండా ఆ లింకు తెరవండి, నాకు జవాబు ఎక్కువసార్లు అక్కడే దొరికింది.

నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. కొత్తవాడు జవాబు రాయొచ్చు గానీ, 50 పాయింట్లు వచ్చేదాకా ఇతరుల పోస్టు కింద కామెంట్ పెట్టలేడు. "మీది ఏ వెర్షన్?" అని అడగాల్సినవాడు గత్యంతరం లేక దాన్నే జవాబుగా రాస్తాడు, అది తొలగిస్తారు. ఇంగ్లిష్‌లోనే రాయాలన్నది మనవాళ్ళకి మరో గడప. జపనీస్, రష్యన్, స్పానిష్, పోర్చుగీస్‌లకు వేరే సైట్లున్నాయి, తెలుగుకు లేదు. అయినా భయపడకండి, వ్యాకరణం తప్పులు ఎవరో ఒకరు దిద్దిపెడతారు. లేని సమాచారాన్ని మాత్రం ఎవరూ నింపలేరు.

ఇప్పుడు మామూలు సందేహాలు నేనూ ఏఐనే అడుగుతున్నాను. ఏఐ రాసిన జవాబులను ఈ సైట్ 2022 డిసెంబరులోనే నిషేధించింది, మంచిపనే చేసింది. ఒత్తుల తగాదాల్లాంటివి ఎవరో స్వయంగా నడిపి చూసి రాస్తేనే నాకు నమ్మకం. దారి మనకే దొరికితే మన ప్రశ్న కింద మనమే జవాబు రాయొచ్చు. దాన్ని సరైన జవాబుగా గుర్తించడానికి రెండు రోజులు ఆగాలి, అలా గుర్తించుకున్నందుకు పాయింట్లేమీ రావు. నేను మాత్రం రాసి పెడుతుంటాను, ఆర్నెల్లకి అదే తగాదా ఇంకో ప్రెస్సులో తగులుతుంది కదా.