పాత కంప్యూటర్‌కి ఐఎస్‌ఏ జీపీఐబీ కార్డా, పీసీఐ కార్డా?

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీ ల్యాబుల్లో పాత మల్టీమీటర్‌నో ఆసిల్లోస్కోప్‌నో జీపీఐబీ (కొలత పరికరాల్ని కంప్యూటర్‌తో మాట్లాడించే కేబుల్ పద్ధతి) కార్డుతో కంప్యూటర్‌కి కలపాలంటే ముందు క్యాబినెట్ విప్పి, కార్డు దూర్చే స్లాట్లు చూడండి. నల్లగా పొడుగ్గా ఉన్నది ఐఎస్‌ఏ, తెల్లగా పొట్టిగా ఉన్నది సాధారణంగా పీసీఐ.

ఐఎస్‌ఏతో ఓపిక కావాలి. చాలా కార్డుల్లో బేస్ అడ్రస్ (కంప్యూటర్ కార్డుని పలకరించే అంకె), ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను నంబరు), డీఎంఏ (డేటా నేరుగా మెమరీకి వెళ్లే దారి నంబరు) మూడూ జంపర్లతో (కార్డు మీద పిన్నులకి తొడిగే చిన్న బిళ్లలతో) మనమే పెట్టాలి. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనూ అవే అంకెలు ఉండాలి. ఐఆర్‌క్యూ 7 అయితే ప్రింటర్ పోర్టుతో, 5 అయితే తరచుగా సౌండ్ కార్డుతో తగువు. ఎంచుకున్న ఐఆర్‌క్యూని బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) లెగసీ ఐఎస్‌ఏకి, అంటే జంపర్ల కార్డుకి, కేటాయించకపోతే, నంబర్లు తనంతట తానే పంచే ప్లగ్ అండ్ ప్లే దాన్ని ఇంకో కార్డుకి ఇచ్చేయొచ్చు. అయినా డాస్ (విండోస్‌కి ముందటి సిస్టమ్) ప్రోగ్రాములే నడపాలంటే ఐఎస్‌ఏనే మేలు.

పీసీఐకి ఈ జంపర్ల బెడద లేదు. రెండు స్లాట్లూ ఉండి, మీ విండోస్‌కి డ్రైవర్ దొరికితే మా ఓటు దీనికే.

పరికరం పలకకపోతే కార్డుని తిట్టేముందు జీపీఐబీ బస్ (పరికరాల్ని కలిపే కేబుల్ వరస) చూడండి: రెండు పరికరాలకి ఒకే అడ్రస్ ఉండకూడదు, కంట్రోలర్‌తో (అంటే కంప్యూటర్‌లోని కార్డుతో) కలిపి పరికరాలు 15 మించకూడదు, మొత్తం కేబుల్ 20 మీటర్లు దాటకూడదు. మన తీరపు ఉప్పుగాలికి కార్డు అంచు కాంటాక్టులు మసకబారితే, పవర్ తీసేసి మెత్తటి రబ్బరుతో తుడవండి.