యాభై ఏళ్ల పద్మినితో పదేళ్లు: ఏం మార్చాను, ఏం ముట్టుకోలేదు

1975 మోడల్ ప్రీమియర్ పద్మిని. పెట్రోలు బండి, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, ముందు పొడవాటి బెంచీ సీటు. నా చేతికొచ్చి పదేళ్లు దాటింది. షెడ్డులో కవరు కప్పి దాచుకునే కారు కాదిది. వారంలో రెండు మూడు రోజులు బయటికి తీస్తాను, ఎండైనా వానైనా. కాబట్టి ఇక్కడ రాసేదంతా వాడుకలో తేలిన సంగతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అరవై, అరవై ఐదు స్పీడులో నడిపినంతసేపూ హాయిగా ఉంటుంది. మెయింటెనెన్స్ జనం భయపెట్టినంత ఖరీదు కాదు, ఓపిక మాత్రం బాగా కావాలి. మార్పులు చేయించాలని ఉబలాటపడేవాళ్లకు చెప్పేది ఒకటే: రేకు కోయకుండా, పాత సామాను మళ్లీ ఎప్పుడైనా బిగించుకోవడానికి వీలుండే మార్పులే చేయించండి. ఇది సెంటిమెంటు కోసం చెప్పే మాట కాదు. కాగితాల సంగతి వచ్చినప్పుడు కారణం మీకే తెలుస్తుంది.

ఎండాకాలమే ఈ కారుకు అసలు పరీక్ష. ఇంజన్ బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కిందంటే హెడ్డు వంకర పోతుంది, గాస్కెట్ కాలుతుంది, నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. అందుకే నేను మొదటి డబ్బు పెయింటు మీదా సీట్ల మీదా కాకుండా రేడియేటర్ మీద పెట్టాను. పై ట్యాంకు ఊడదీయించి గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్పిస్తే దోసెడు సున్నపు పెచ్చులు రాలాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఫలితం అది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్లో కలిపిన కూలెంట్ తప్ప ఇంకేదీ పోయలేదు. హోస్ పైపులన్నీ ఒకేసారి మార్పించాను, ఎందుకంటే ఒకటి మారిస్తే పక్కది పగులుతుంది.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) విషయంలో చాలామంది మెకానిక్కులతో నాకు పేచీయే. "మన ఎండలకు అదెందుకు సార్" అని తీసి పారేస్తారు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ చోకు (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) మీద నడపాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది కొని బిగించాను. ట్రాఫిక్ కోసం రేడియేటర్ ముందు చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాను. ఉన్న బోల్టులకే పట్టీలు తగిలించి నిలబెట్టాం. గ్రిల్ వెనక ఉంటుంది కాబట్టి చెబితే తప్ప ఎవరికీ కనపడదు.

ఇంకో వేసవి తలనొప్పి పెట్రోలు ఆవిరైపోవడం. ఏసీ పంపు అంటే ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పాత మెకానికల్ పంపు, చల్లగాలి ఏసీతో దానికి సంబంధం లేదు. అది ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది. మధ్యాహ్నం పూట సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడితే పంపులోని పెట్రోలు మరిగి ఆవిరి అడ్డం పడుతుంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌కు చుక్క అందదు. పాతకాలం డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ చుట్టేవాళ్లు. ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ వెనక హారన్లు మోగుతుంటే బానెట్ ఎత్తి గుడ్డ తడపడం ఒక టెన్షన్. నేను వెనక ట్యాంకు దగ్గర తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు పెట్టించాను. ఇంజెక్షన్ కార్ల పంపు మాత్రం పెట్టకండి. ఆ ఒత్తిడికి కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ నిలవదు, పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా పంపుకు కరెంటు ఇచ్చాం. ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. పాత ఏసీ పంపు దాని చోటులో అదే ఉంది, పైపులు మాత్రం పక్క నుంచి పోతున్నాయి.

ఇక ఈమధ్య అందరూ అడిగేది ఇ20 గురించే. బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1975లో ఈ కారు చేసినవాళ్లు దాన్ని ఊహించి ఉండరు. నా కారులో మొదట దెబ్బ తిన్నది రబ్బరు. కార్బురేటర్ దగ్గరి పాత పైపును వేళ్లతో నొక్కితే మెత్తగా జిగురులా ఉంది, కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి రంధ్రం సగానికి సగం మూసుకుపోయింది. బయటి నుంచి చూస్తే పైపు నిక్షేపంలా ఉంది! ఇథనాల్‌కు తట్టుకునే ఎస్‌ఏఈ 30ఆర్9 రకం పైపులు తెప్పించి ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా అన్నీ మార్పించాను. పైపు మీద ఆ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, చూసి కొనండి.

రెండోది ట్యాంకు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పునూ మడ్డినీ కదిలిస్తుంది. కొన్నాళ్లపాటు ఫిల్టర్ మార్చడమే పనైపోయింది. చివరికి ట్యాంకు దింపించి లోపల కడిగించాక గానీ ఆ గొడవ వదల్లేదు. మూడోది మిశ్రమం. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. అంటే పాత జెట్టుతో (కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం) ఇ20 వాడితే ఇంజన్‌కు పెట్రోలు చాలదు. చోకు తీయగానే తడబడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, ప్లగ్గులు తెల్లగా కాలుతాయి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక ప్లగ్గులు మళ్లీ లేత గోధుమ రంగుకు వచ్చాయి. మైలేజీ కాస్త తగ్గింది, ఇప్పుడు లీటరుకు పదకొండు, పన్నెండు. నెలల తరబడి కారు నిలిపేవాళ్లయితే ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. ఖాళీ చోటులోని గాలి తేమంతా పెట్రోల్లోకే పోతుంది.

ఇంజన్ ఆయిల్ విషయంలో కొత్త కార్ల సన్నటి సింథటిక్‌లు దీనికి వద్దు. నేను చిక్కటి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ వాడతాను.

కరెంటు పని గురించి. కరెంటు పుట్టించే పాత డైనమో తీసి, ఇంజన్ నెమ్మదిగా తిరిగినా కరెంటు బాగా ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించడం నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే సుఖమిచ్చింది. డైనమోతో రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు ఎర్రబడి, వైపరు నీరసంగా కదిలేది. ఇప్పుడు ఆ బెంగ లేదు. డైనమో, దాని కరెంటును అదుపు చేసే కటౌట్ రెండూ గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. హెడ్‌లైట్లకు హాలోజన్ బల్బులు వేయించేటప్పుడు మాత్రం రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) తప్పనిసరి. పాత వైరింగులో లైట్ల కరెంటంతా స్విచ్చులోంచే పోతుంది. హాలోజన్ బరువు మోపితే ఆ స్విచ్చు కరుగుతుంది, ఒక్కోసారి వైరు కాలుతుంది కూడా. రిలే పెట్టాక అవే బల్బులు అంతకుముందుకంటే ప్రకాశంగా వెలిగాయి. బ్యాటరీ కరెంటు దారిలో తరగకుండా బల్బు దాకా అందుతుంది మరి. ప్లగ్గుల నిప్పురవ్వకు వేళ చూసే పాత పాయింట్ల స్థానంలో, ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. డిక్కీలో ఒక సెట్టు పాయింట్లు, కండెన్సర్ ఎప్పుడూ ఉంటాయి. ఎలక్ట్రానిక్ ముక్క పోతే రోడ్డు పక్కన బాగుచేయలేం, పాయింట్లయితే స్క్రూడ్రైవర్ చాలు.

బ్రేకుల దగ్గర నాది కొంచెం వేరే దారి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఈ కారు పుట్టుకకు మూలమైన ఫియట్ 1100 కుటుంబంలోనే, ఇటలీలో 1966లో వచ్చిన 1100ఆర్‌కు ముందు డిస్కులు ఇచ్చారు. మన దగ్గర కొందరు వేరే చిన్నకార్ల డిస్కులు తెచ్చి బిగిస్తారు. నేను నడిపి చూసిన ఒక బండి చక్కగానే ఆగింది. అయినా నేను మార్చలేదు. డ్రమ్ములు లేత్ మీద పట్టించి, వీల్ సిలిండర్లు, లైనింగులు, పైపులు కొత్తవి వేసి, నాలుగు చక్రాలూ సమానంగా అడ్జస్ట్ చేస్తే నా స్పీడుకు ఈ బ్రేకులు సరిపోతాయి. నీళ్లలో దిగి వచ్చాక మాత్రం కొంతదూరం పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి నడపాలి. లేకపోతే మొదటి బ్రేకుకే కారు ఒక పక్కకు లాగుతుంది. టైర్లు రేడియల్ వేయించాను. తడి రోడ్డు మీద భరోసా పెరిగింది, పార్కింగ్‌లో స్టీరింగ్ బరువూ పెరిగింది.

హ్యాండ్ గేరు వదులైతే చలిమిడిలో గరిటె తిప్పినట్టు ఉంటుంది, ఏ గేరు పడిందో చేతికి తెలియదు. దానికి గేర్‌బాక్స్ విప్పమనే మెకానిక్ దగ్గర్నుంచి వెంటనే వచ్చేయండి. తొంభై శాతం తప్పు గేరు రాడ్డును గేర్‌బాక్స్‌కు కలిపే లింకేజీ బుష్షులదే. ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులకు వేళకు గ్రీజు కొట్టించండి, అంతే.

ఇక తుప్పు. విజయవాడ ఆటోనగర్‌లో బండి గుంట మీద పెట్టినప్పుడు ముసలి మేస్త్రిగారు కిందకు దిగి, తలుపు కిందుండే పెట్టె భాగాన్ని స్క్రూడ్రైవర్‌తో తట్టుకుంటూ వెళ్లారు. టంగ్, టంగ్, టంగ్, ఉన్నట్టుండి డబ్. ఆ చోట కాస్త నొక్కేసరికి స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగిపోయింది. పైన పెయింటు మెరుస్తూనే ఉంది. "ఏంటి బాబూ, ఇంజన్ ఇంజన్ అని ఇంత తిరుగుతున్నావు, కింద ఏం మిగిలిందో చూశావా?" అన్నారు. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఆ పెట్టె భాగం కుళ్లితే తలుపులు సరిగ్గా పడవు, జాకీ పెడితే బాడీ వంగుతుంది. అంతకుముందు ఎవరో అక్కడ లప్పం పూసి రంగు కొట్టారు. కుళ్లిన రేకంతా కోసి, అదే మందం రేకు అదే ఆకారంలో మడిచి వెల్డింగ్ చేయించాం. లోపల మైనం కలిసిన తుప్పు మందు కొట్టించాం. ఇది మార్పు కాదు, రిపేరు. ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే పోయింది, బయటికి మాత్రం ఏమీ కనపడదు. కమాన్ కట్టలు బాడీకి తగిలే చోట్లు, స్పేర్ వీలు పెట్టే గుంట, ముందు మ్యాట్ల కింద ఫ్లోరు కూడా ఇలాగే తట్టి చూసుకోవాలి. కొనేవాళ్లు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

ఏసీ పెట్టించమని ఇంట్లో చాలాసార్లు అడిగారు. సుమారు నలభై హార్స్‌పవర్ ఇంజన్ మీద కంప్రెసర్ బరువు వేసి, ముందు ఏసీ కండెన్సర్‌తో రేడియేటర్‌కు గాలి అడ్డుకుంటే నేను పైన రాసిన కష్టమంతా వృథా. ముందు అద్దాల పక్కన చిన్న క్వార్టర్ గ్లాసులు ఉన్నాయి, తిప్పితే గాలి ఈడ్చి కొడుతుంది. సీటు బెల్టులు మాత్రం పెట్టించాను. ఫ్లోరు కింద ఇనుప ప్లేట్లు వేసి బోల్టు చేయించాను. ఈ కారులో నేను కొత్తగా కన్నాలు వేయించింది అక్కడొక్కటే, దానికి చింత లేదు.

ఇప్పుడు కాగితాలు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చినా రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాల్సిందే. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్, దాంతోపాటు గ్రీన్ టాక్స్. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు చేశారు. పాత కారు మీద ప్రేమకు సర్కారు వేసిన పన్ను ఇది, నోరు మూసుకుని కట్టాల్సిందే.

ఇంకో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు అది దొరుకుతుంది. మొదటిసారి ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు, మళ్లీ చేయించడానికి 5,000. అయితే కారు అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. రేకు కోయొద్దని మొదట్లో అన్నది ఇందుకే. ఇంజన్ మార్చి, బాడీ కోసి మోడరన్ చేసుకున్నవాళ్లకు ఆ తలుపు మూసుకుపోయినట్టే. నా కారు ఈమధ్యే యాభై దాటింది, అటక మీది సామాను దింపి బిగిస్తే ఒక వారాంతంలో పాత పద్మిని అవుతుంది. కానీ ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజువారీగా నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్లు లాంటి పనులకే రోడ్డెక్కాలి. నాకు కూరగాయలకు వెళ్లే కారు కావాలి. అందుకని ప్రస్తుతానికి మామూలు రెన్యువలే కడుతున్నాను.

స్పేర్ల గురించి బెంగ అక్కర్లేదు అనేవాణ్ణి, ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. ముంబైలో వేలకొద్దీ టాక్సీలుగా తిరిగినంతకాలం వీటి సామానుకు కొరత లేదు. 2023 అక్టోబరు 30న అక్కడి ఆఖరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. గాస్కెట్లు, బుష్షులు, లైనింగులు, క్లచ్ ప్లేట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అద్దాలు, తలుపుల రబ్బరు బీడింగులు, క్రోమ్ పట్టీలు, మీటర్లు కష్టం. దొరికిన రోజే కొని దాచుకోవాలి. కొత్తగా తయారై వచ్చే రబ్బరు సామానులో నాణ్యత దారుణం. ముందు డోరుకు వేయించిన బీడింగు ఒక్క ఎండాకాలానికే పగిలి నీళ్లు కారడం మొదలైంది. పాత స్టాకుది ఒకటి దొరుకుతుందేమో అని ఇంకా వెతుకుతున్నాను. అప్పటిదాకా వానొస్తే ఎడమ పక్క కూర్చునేవాళ్ల మోకాళ్ల మీద ఒక టవలు.