హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్: కొన్నేళ్ళ వాడకం మీద ఒక సమీక్ష

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో (2018 చివరి నుంచి దీని అధికారిక నామం స్వరాజ్ ద్వీప్) స్కూబా డైవింగ్ గురించి వచ్చే సమీక్షలు చాలావరకు మొదటిసారి నీటిలోకి దిగినవారు రాసినవే. శిక్షకుడు వెనక నుంచి సిలిండరు పట్టుకుని నడిపిస్తుండగా కాసేపు తిరిగి, చేపలతో ఫోటో దిగి వచ్చే ఆ అనుభవం బాగానే ఉంటుంది గానీ, దాన్నిబట్టి డైవింగ్‌కు మార్కులు వేయడం సరికాదని, సర్టిఫికెట్ తీసుకున్నాక ఏటా సీజన్‌లో అక్కడికి వెళ్తున్న నా అభిప్రాయం. ఈ వ్యాపకంలో అసలు రుచి పెద్ద జంతువులు ఎదురుపడినప్పుడు కాక, ఒకేచోట కదలకుండా నిలవడం అలవాటయ్యాకే తెలుస్తుంది.

ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సు చేసినవారు 18 మీటర్ల దాకా, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవారు 30 మీటర్ల దాకా దిగవచ్చు. కొత్తవారి ధ్యాసంతా ఈ అంకెల మీదే ఉంటుంది. నిజానికి కష్టపడి నేర్చుకోవలసినది పైకి తేలకుండా, కిందికి జారకుండా నీటి మధ్యలో నిలవడం. డైవింగ్‌కు తొడుక్కునే, గాలి నింపుకునే జాకెట్‌లో గాలి సరిపోయినంత ఉంచుకున్నాక, ఊపిరి పీలిస్తే శరీరం మెల్లగా లేస్తుంది, వదిలితే మెల్లగా దిగుతుంది. చేతులు ఆడించకుండా, కేవలం ఊపిరితో ఒక బండరాయిని దాటి అవతల దిగగలిగిన రోజున కలిగే సంతోషం ఏ షార్కును చూసినా నాకు కలగలేదు.

ఆ నిలకడ వచ్చాకే కొన్ని దృశ్యాలు కంటపడతాయి. పగడాల పక్కన ఉండే ఇసుక నేలను ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఏమీ లేదనుకుని గబగబా ఈదుకుపోతారు. ఆ ఇసుకలో ఒక బొరియ, దాని ముందు కాపలాగా వేలెడంత గోబీ చేప ఉంటాయి. బొరియ తవ్వేది మాత్రం చేప కాదు, చూపు సరిగా ఆనని ఒక రొయ్య. అది లోపలి ఇసుకను, గవ్వ ముక్కలను బుల్డోజరులా నెట్టుకుంటూ బయటికి వస్తుంది, వచ్చినంతసేపూ ఒక మీసాన్ని చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. మనం కాస్త ముందుకు జరిగితే చేప తోకను ఒక్కసారి విదిలిస్తుంది, ఆ కదలిక మీసానికి తగలగానే రొయ్య మాయమవుతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే చేప కూడా బొరియలోకి దూరేస్తుంది. ఇసుకను తాకకుండా కొంచెం దూరంలో ఆగి, బుడగల చప్పుడు తగ్గేలా ఊపిరిని నిదానంగా వదులుతూ ఉంటే, కొన్ని నిమిషాలకు ముందు చేప తల, తర్వాత రొయ్య మీసాలు బయటికి వస్తాయి. మనల్ని చూసి కూడా తమ పని తాము చేసుకుపోతాయి.

రంగుల సంగతి కూడా చెప్పాలి. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది కనుక, 15 మీటర్ల దగ్గర అంతా నీలంగా, బూడిదరంగుగా కనబడుతుంది. అక్కడ నిర్జీవంగా కనిపించే స్పాంజి మీద టార్చి వేస్తే కుంకుమ ఎరుపు బయటపడుతుంది. పట్టపగలు కూడా టార్చి తీసుకువెళ్ళమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. చాలామందికి అది విసుగు. గడియారం చూస్తూ గడుపుతారు. నాకు మాత్రం గాజులా పారదర్శకంగా ఉండే చిన్న చిన్న జెల్లీ జీవులు, వాటి ఒంటి మీద వరుసలుగా పరుగెత్తే రంగులు కనబడింది ఎక్కువగా ఆ మూడు నిమిషాల్లోనే.

ఇక లోపాలు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చనిపోయాయి. తక్కువ లోతులో ఆ నష్టం ఇప్పటికీ కనిపిస్తుంది. వర్షాకాలంలో నీరు కలకబారుతుంది, పడవలు ఊగిపోతాయి. అన్నిటికంటే నన్ను చికాకు పెట్టేది గుంపు. ఒక సంస్థతో వెళ్ళినప్పుడు ఒకే గైడు వెంట ఎనిమిది మందిని పంపారు. ఆయన అన్ని చోట్లా చూపించాలన్న తొందరలో వేగంగా ఈదడంతో అందరికీ గాలి త్వరగా అయిపోయింది. 10 మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు కనుక గాలి కూడా రెట్టింపు ఖర్చవుతుంది. దానికి ఆయాసం తోడైతే డైవ్ ముందే ముగిసిపోతుంది.

కాబట్టి డబ్బు కట్టేముందు ఒక గైడుకు ఎంతమందో అడగండి, నలుగురికి మించితే మరో చోటు చూసుకోండి. వీలైతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. వరుసగా డైవ్‌లు చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కనుక, శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి తిరుగు టికెట్ ఆ లెక్క చూసుకునే తీసుకోవాలి.