బయటి గోడకు చెమ్మ: మందపాటి పూతా, సిలికేట్ రంగా, పలకల తొడుగా? ఏది మేలు?

బయటి గోడ నాచు పట్టి నల్లబడి, రంగు పెచ్చులుగా ఊడుతుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పెయింట్ డబ్బా. దాని మీద 'వాటర్‌ప్రూఫ్' అని కనిపిస్తే ఇక సగం టెన్షన్ తీరినట్టే. నేనూ అలాగే ఒక గోడకు మందపాటి పూత వేయించాను. రెండో వానాకాలానికి అరచేతంత బుడగలు లేచాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే నీళ్లు కారాయి. పూతలో లోపం లేదు. బయటి నీటిని ఎలా ఆపిందో, గోడలో అప్పటికే ఉన్న నీటినీ అలాగే ఆపింది.

గోడలోకి నీరు చేరడానికి వాన ఒక్కటే దారి కాదు. పునాది నుంచి పైకి పాకే చెమ్మ, పారాపెట్ గోడ నెత్తి మీది నెర్రెలు, లోపల కారుతున్న పైపు, గాలిలోని ఆవిరి, అన్నీ దారులే. కింద రెండు మూడు అడుగుల మేర తెల్లటి ఉప్పు తేలి పైన గోడ శుభ్రంగా ఉంటే నేల చెమ్మను అనుమానించాలి. మరక పైనుంచి కిందికి చారలుగా దిగితే పారాపెట్‌నో, సన్‌షేడ్ గోడను కలిసే చోటునో చూడాలి. అనుమానం తీరకపోతే అడుగున్నర చదరం పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి, ఒక రోజు వదిలేయండి. షీటు వెనక నీటి బొట్లు కనిపిస్తే ఆ తడి గోడలోంచి వస్తున్నదే.

ఇప్పుడు పోలికకు వద్దాం.

మొదటిది ఎలాస్టోమెరిక్ పూత, అంటే రబ్బరులా సాగే మందపాటి రంగు. మామూలు బయటి రంగు కంటే ఈ పొర మందం కొన్ని రెట్లు ఎక్కువ. వెంట్రుకవాసి బీటల మీద అది సాగి నిలుస్తుంది కాబట్టి వాన చినుకు లోపలికి దూరదు. పొడి గోడ, సన్న బీటలు, ఎదురువాన: ఈ మూడూ కలిసిన చోట దీనికి సాటి లేదు. నేల చెమ్మ ఉన్న గోడకు మాత్రం ఇది శిక్ష. ఆవిరి బయటికి పోయే దారి చాలా తగ్గిపోతుంది, పొర వెనక ఉప్పు పేరుకుంటుంది, చివరికి రంగుతోపాటు ప్లాస్టరింగ్ కూడా ఊడి వస్తుంది. స్లాబు అంచున ఇనుప చువ్వ తుప్పు పట్టి కాంక్రీటు ఉబ్బిన చోట దీన్ని పులిమితే ఇంకా నష్టం. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడిని ఏ రంగూ ఆపలేదు. అక్కడ కొట్టి, చువ్వ శుభ్రం చేసి, మరమ్మతు చేయించాల్సిందే.

రెండోది సిలికేట్ రంగు. ఇది కొత్త సరుకేమీ కాదు, జర్మనీలో అడాల్ఫ్ విల్హెల్మ్ కైమ్ 1878లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇందులో బంధం పొటాషియం సిలికేట్‌ది. గోడ మీద పొరలా పరుచుకోకుండా సున్నం, సిమెంటు ప్లాస్టరింగ్‌లోకి ఇంకి దానితో రసాయనికంగా కలిసిపోతుంది. పొరే లేదు కాబట్టి పెచ్చులూ లేవు, ఆవిరి హాయిగా పోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. కానీ పాత ఇంటివాళ్లకు ఒక చిక్కుంది. గోడ మీద ఇప్పటికే ప్లాస్టిక్ రంగో, లప్పమో ఉంటే అది దానికి పట్టదు. అంతా గీకి ప్లాస్టరింగ్ బయటపడేదాకా పోవాలి, ఆ కూలి రంగు ఖర్చును మించిపోవచ్చు. బీటలను కప్పే గుణం కూడా లేదు. పని జరిగేటప్పుడు కిటికీ అద్దాలు కప్పకపోతే పడిన చుక్కలు అద్దంలో మచ్చలుగా నిలిచిపోతాయి. వెల్లసున్నం దీనికి పేద చుట్టం: ఊపిరి ఆడనిస్తుంది, కానీ వానకు కొట్టుకుపోతుంది, తరచూ వేసుకుంటూ ఉండాలి.

మూడోది గోడకు దూరంగా నిలబెట్టే తొడుగు. గోడ మీద పట్టీలు కొట్టి, రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, ఫైబర్ సిమెంటు పలకలు బిగిస్తారు. వాన దెబ్బ పలకకు తగులుతుంది, వెనక్కి దూరిన కాస్త నీరు ఖాళీలోంచి కిందికి జారిపోతుంది, గాలి ఆడి గోడ ఆరుతుంది. అసలు పనిచేసేది పలక కంటే ఆ ఖాళీయే. న్యూజిలాండ్‌లో 1990లలో, 2000ల తొలినాళ్లలో కట్టిన వేల ఇళ్లు ఈ పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్పాయి: చూరు లేదు, తొడుగు వెనక ఖాళీ లేదు, మందు పట్టించని కలప. దూరిన నీరు ఆరక లోపలి చట్రాలే కుళ్లిపోయాయి. ఫైబర్ సిమెంటుకు చెదలు పట్టవు, కానీ కోసిన అంచులకు సీలర్ పూయాలి, కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హాని కాబట్టి మాస్కు తప్పనిసరి. ఖాళీకి కింద, పైన పురుగుల జాలీ మరవకూడదు. ఖర్చులో మూడింటిలోకీ పెద్దది ఇదే, అందుకే ఎదురువాన కొట్టే ఒక్క గోడకే చేయించుకున్నా తప్పులేదు.

ఇల్లంతా ఏసీ నడిచే చోట నా వాదన కొంచెం తిరగబడుతుంది. బయట ఉక్క, లోపల చల్లదనం ఉంటే ఆవిరి బయటి నుంచి లోపలికే నెట్టుకొస్తుంది. అప్పుడు గోడ లోపలి వైపు ఆరాలి. బయట కాస్త గట్టి పూత ఉన్నా ఇబ్బంది లేదు, లోపల ఆవిరిని పోనివ్వని వినైల్ (ప్లాస్టిక్) వాల్‌పేపర్ మాత్రం అంటించకూడదు. దాని వెనక బూజు పట్టినా, వాసన వచ్చేదాకా మనకు తెలియదు.

ఇంత చెప్పాక కూడా డబ్బు పరిమితంగా ఉంటే నేను ముందు వీటిలో దేనికీ పెట్టను. ముందు చేయించేవి ఇవి: సన్‌షేడ్ అడుగున నీరు వెనక్కి పాకకుండా తెగి కిందపడే చిన్న గాడి, పారాపెట్ నెత్తి మీద వాలుగా పలక, గోడకు దూరంగా నీళ్లు వదిలే గొట్టం, గోడను ఆనుకుని పెరిగిన మొక్కల తొలగింపు. పునాది చెమ్మపొరను (నేల చెమ్మ గోడలోకి పాకకుండా పునాది మీద వేసే పొర) దాటి మట్టి ఎక్కడైనా పైకి పేరుకుంటే దాన్నీ తవ్వించేస్తాను. వీటితోనే చాలా గోడలు ఆరిపోతాయి.

ఆ తర్వాత పాత ప్లాస్టిక్ రంగున్న, పొడిగా ఉన్న గోడకు బీటలు పూడ్చి మామూలు మంచి ఎక్స్‌టీరియర్ ఎమల్షనే చాలు. గీకేసిన, చెమ్మ లాగే గోడకు సిలికేట్. కొత్త ప్లాస్టరింగ్ అయితే ఎమల్షన్‌కు నాలుగు వారాలు ఆగాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఆగాలి.

నాలుగు గోడలకూ ఒకే పూత వేయాలన్న నియమమూ లేదు. ఎండ తగలక నాచు పట్టే వెనక గోడకు ఒకటి, ఎదురువాన గోడకు ఇంకొకటి వేయించి, రంగు ఛాయ మాత్రం దగ్గరగా కలపొచ్చు. రెండు రకాల డబ్బాలు కొనిపిస్తున్నారని పెయింటర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.