ముసురు చూసుకుని ములుగు దారి

హన్మకొండలో సైన్స్ పీహెచ్‌డీ చేసేవాళ్లకు తిరుగుళ్ల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. మఫిల్ ఫర్నేస్‌లో, అంటే ల్యాబ్ కొలిమిలో, శాంపిల్ పెడితే అది రాత్రంతా కాలి, మెల్లగా చల్లబడేసరికి మర్నాడు సాయంత్రమవుతుంది. ల్యాబ్‌లో ఒక జూనియర్ చూసుకుంటానంటే చాలు, గైడ్ గారికి చెప్పి బుధవారం పొద్దున్నే బండి తీయొచ్చు. జనం తక్కువ, బసల్లో రేట్లూ తక్కువ.

చిక్కల్లా వానతోనే. నాది కెమిస్ట్రీ. ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) తీయాలంటే శాంపిల్‌ను పొటాషియం బ్రోమైడ్‌లో కలిపి నూరి, ప్రెస్‌లో నొక్కి, అవతలి వైపు కనిపించేంత పల్చటి బిళ్ల చేయాలి. ఆ ఉప్పు గాలిలో తేమ కనిపిస్తే వదలదు. ముసురు పట్టిన రోజు ఎంత ఆరబెట్టి నూరినా బిళ్ల పాలరంగుకు తిరుగుతుంది, గ్రాఫులో 3,400 తరంగ సంఖ్య చుట్టుపక్కల నీటి పట్టీ పొట్ట వేసుకుని కూర్చుంటుంది. అందుకే పొడి వాతావరణం దొరికితే పెల్లెట్లు (ఆ బిళ్లలే), ముసురులో థీసిస్ చాప్టర్లు. తిరగడానికి మిగిలేది ముసురు వెలిసిన తర్వాతి రెండు మూడు రోజులు, గాలిలో తేమ ఇంకా దిగని రోజులు. చిత్రంగా, ములుగు వైపు చూడాల్సిన చోట్లలో సగానికి అదే సరైన సమయం. అందుకే ఈ ప్రాంతంలో ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, వాన ఎప్పుడు పడిందని ముందు నేనే అడుగుతాను.

వాతావరణం చూడటం మొదట పెల్లెట్ల కోసమే మొదలైంది, ఇప్పుడు వ్యసనమైంది. వరి కోతల ముందు ఊళ్లో మేనమామలు నాకు ఫోన్ చేసి "ఈ వారం ఎట్లుంటదిరా" అని అడుగుతారు. నేను చూసేవి పెద్దగా లేవు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి పశ్చిమ వాయవ్యంగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదిలిందంటే జాగ్రత్త పడతాను. రుతుపవన కాలంలో ఇలాంటి వాటికి నైరుతి వైపున వాన దంచుతుంది. అల్పపీడనం దక్షిణ ఛత్తీస్‌గఢ్ మీద ఉన్నప్పుడు ఆ నైరుతి మూలలో ఉండేది మన ములుగు, భూపాలపల్లి జిల్లాలే. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఆ 24 గంటలు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. నిన్న రాత్రి కురిసిన వాన పేపర్లో ఇవాళ్టి తేదీతో కనిపించడానికి కారణం అదే.

వానను చూపే రాడార్ బొమ్మను మాత్రం ములుగు దాటాక గుడ్డిగా నమ్మకండి. హైదరాబాద్ రాడార్ నుంచి ములుగు నేరుగా 170 కిలోమీటర్లకు పైనే. కిరణం కాస్త పైకి వంచి పంపుతారు, కింద భూమి వంగిపోతూ ఉంటుంది. ములుగుకు వచ్చేసరికే అది నేలకు మూడు కిలోమీటర్లకు పైన, ఏటూరునాగారం దగ్గర ఇంకా ఎత్తున పోతుంది. ఆ కింద కురిసే ముసురు దానికి కనిపించదు. బొమ్మలో ఖాళీగా ఉన్నచోట మనం రెయిన్‌కోట్ వేసుకుని నిలబడి ఉండటం మామూలే. మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వర్షమాపకాల అంకెలు ఇంతకంటే నయం.

2023 జూలై చివరి వారం ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. 27వ తేదీ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్రంలో అదే రికార్డు. అంతకు ముందు పెద్దది 2013లో వాజేడులో పడిన 517.5. తెలంగాణకు ఏడాది మొత్తానికి సగటున పడేదే సుమారు 900 మిల్లీమీటర్లు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. అదే వాన సమయంలో వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు వాగు అవతల అడవిలో చిక్కుకుపోతే, సహాయ బృందాలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. వెళ్లేటప్పుడు మోకాలిలోతు ఉన్న ఒర్రె తిరిగొచ్చేటప్పుడు అలాగే ఉంటుందన్న గ్యారంటీ ఈ అడవిలో లేదు.

బొగత జలపాతం గురించి కాస్త వివరంగా చెప్పాలి, అందరూ అడిగేది దాని గురించే కనుక. హన్మకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు, పస్రా, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కి అవతలికి వెళితే వాజేడు మండలం చీకుపల్లి. బైక్ మీద మూడు గంటలు అనుకోండి. జలపాతం ఎత్తు సుమారు ముప్పై అడుగులే. దాని గొప్పంతా వెడల్పులో ఉంది. నీళ్లు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల నుంచి వస్తాయి కాబట్టి మన నెత్తిన ఎండ కాస్తున్నా అక్కడ ఎర్రగా పొంగుతూ ఉండొచ్చు. ఒకసారి ఆకాశంలో మబ్బు తునక లేని రోజున వెళ్లాం. గేటు దగ్గర అటవీ శాఖ వాచర్ చెయ్యి అడ్డం పెట్టి, "పైన వాన గొట్టింది సారూ, ఇయ్యాల లోపలికి పోనియ్యం" అన్నాడు. మా వెనక కారులో వచ్చినవాళ్లు ఆయనతో చాలాసేపు వాదించారు. మేం పక్కనున్న హోటల్లో టీ తాగుతూ నీళ్ల చప్పుడు విన్నాం. గేటు దాకా వినిపిస్తోంది. ఆయన మాటే రైటు.

పెద్ద వాన తగ్గి రెండు రోజులయ్యాక వెళ్లండి. అప్పటికి ఎరుపు విరిగి నీళ్లు తెల్లబడతాయి, పాయలు విడివిడిగా కనిపిస్తాయి, నురగ మొహం మీదికి కొట్టదు. రెండో వారానికి జలపాతం రాతి గోడ మీద సగం ఖాళీ. ఎండాకాలం వెళ్లడం డబ్బు దండగ. కంచె దాటొద్దని బోర్డులున్నా దాటేవాళ్లు దాటుతూనే ఉంటారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. బయలుదేరే ముందు గోదావరి మట్టం కూడా చూసుకోవాలి. నది పెరిగితే బొగతకు అవతల టేకులగూడెం దగ్గర రహదారి మీదికే నీళ్లు వస్తాయి, కాబట్టి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోవాలి. తిండి విషయంలో ఆశ పెట్టుకోకండి. ఏటూరునాగారంలో తినేసి గోదావరి దాటడం మేలు.

రామప్ప మాత్రం వాన పడుతుండగానే చూడాలి, ఇందులో రాజీ లేదు. జంగాలపల్లి క్రాస్ దగ్గర మలుపు తిరిగితే పాలంపేట. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక వసతులు బాగా పెరిగాయి. మదనికల (గుడి చూరు కింది స్త్రీ శిల్పాల) నల్లరాయి తడిసినప్పుడు దాని నునుపు, నగల చెక్కుడు పొడి రోజున కనిపించేదానికి రెట్టింపు తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం వస్తే చెప్పులు విప్పి ఆ రాతి నేల మీద రెండడుగులు వేయలేం. ఇసుక నింపిన పునాది, నీళ్ల మీద తేలే ఇటుకల సంగతి గైడ్లు చెబుతారు. సైన్స్ విద్యార్థి అయితే సాంద్రత గురించి ఓ ప్రశ్న వేసి చూడండి, కొందరు నిజంగానే బాగా చెబుతారు. కాకతీయుల నాటి రామప్ప చెరువు పక్కనే ఉంది. మత్తడి దుంకుతున్న రోజుల్లో ఊళ్లోవాళ్లంతా అక్కడే ఉంటారు.

లక్నవరం నాకు అంతగా ఎక్కలేదు. చెరువు అందమైనదే, ద్వీపాల మధ్య వేలాడే వంతెనలు బాగుంటాయి, సెలవు రోజుల్లో మాత్రం ఆ వంతెనల మీద ఫోటోల కోసం ఆగిన జనాన్ని తోసుకుంటూ నడవాలి. మామూలు రోజున పొద్దున్నే, బోట్లు మొదలవకముందు వెళితే అది వేరే చెరువు. కుటుంబంతో ఒక రాత్రి ఉండాలంటే ఈ చుట్టుపక్కల ఇదే సౌకర్యం. గదులు ముందే బుక్ చేసుకోండి.

పాండవుల గుట్టది పూర్తిగా వేరే లెక్క. రేగొండ వైపున్న ఈ గుట్టలు హన్మకొండ గ్రానైట్ కావు, ఇసుకరాయి. తడిసిన ఇసుకరాయి బలం తగ్గిపోతుంది, పట్టుకున్న అంచు చేతిలోకి ఊడి వస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి రెండు మూడు రోజులు ఉంటుంది. అందుకే తాడు కట్టి ఎక్కేవాళ్లు వాన తర్వాత ఆగుతారు. వర్షాకాలంలో ఇక్కడికి రాక్ క్లైంబింగ్‌కు తీసుకెళ్తామని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, అప్పుడు గుహల్లోని పాత కాలపు చిత్రాలు కూడా తీరిగ్గా చూడొచ్చు. ఎర్ర రంగు జంతువుల బొమ్మల మీద ఈ కాలపు ప్రేమికుల పేర్లు కూడా ఉన్నాయి, అదొక ఏడుపు.

తాడ్వాయి అడవిలో రాత్రి బస చలికాలంలో హాయి. అక్కడికి దగ్గర్లోనే దామరవాయి రాక్షసగుళ్లు, పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన ప్రాచీన సమాధులు. స్థానికుణ్ని వెంట తీసుకెళ్లకపోతే దారి దొరకదు. 2024 ఆగస్టు 31న ఈ తాడ్వాయి, మేడారం మధ్య అడవిలోనే కొద్దిసేపటి గాలికి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అప్పట్నుంచి నేను మబ్బు కమ్మిన సాయంత్రం అడవి దారిలో బండి నడపను. మెరుపు కనిపించాక ఉరుముకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. పది కిలోమీటర్లలోపు ఉంటే ఏదో ఒక గట్టి కప్పు కిందికి చేరాలి, చెట్టు కింద కాదు.

బసల గురించి ఒక మాట. ఒక ప్రైవేటు రిసార్టుకు అడ్వాన్స్ కట్టాక ఆ జిల్లాకు రెడ్ అలర్ట్ వచ్చింది. రాలేమని ఫోన్ చేస్తే "ఇక్కడ వాన లేదు సార్, మీ ఇష్టం" అన్నారు. డబ్బు ఇవ్వలేదు, తేదీ కూడా మార్చలేదు. ఫెలోషిప్ మీద బతికేవాళ్లకు అది చిన్న దెబ్బ కాదు. ఇప్పుడు బుక్ చేసే ముందే రెండు ప్రశ్నలు వాట్సాప్‌లో అడుగుతాను, జవాబు రాతలో ఉండేలా: అలర్ట్ వస్తే తేదీ మారుస్తారా? కరెంటు పోతే జనరేటర్ రాత్రంతా నడుపుతారా? రెండోది ల్యాప్‌టాప్‌లో డేటా ప్లాట్ చేసుకోవాలనుకునేవాళ్లకు ముఖ్యం. సిగ్నల్ మాత్రం పస్రా దాటాక ఏ కంపెనీదైనా దేవుడి దయ. గైడ్ గారికి మెయిల్ పంపాలంటే ములుగులోనే పంపేయండి.

బండి లేనివాళ్లకు హన్మకొండ బస్టాండ్ నుంచి ఏటూరునాగారం, మంగపేట బస్సులున్నాయి. ములుగు, పస్రాల్లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. రామప్పకు ఇలా వెళ్లి సాయంత్రానికి క్యాంపస్‌కు చేరడం తేలిక. బొగతకు మాత్రం బస్సులను నమ్ముకుంటే తిరుగు ప్రయాణం టెన్షనే. నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి, మధ్యాహ్నం మూడింటికల్లా వాజేడు వదిలేయండి.